రోగి పాత్రలో టీచరమ్మ

“ఇదేం డాక్టరండీ బాబూ! బతకవని మొహం మీదే చెప్పేస్తాడా?”

సినిమా ముక్క ఆగీ ఆగకముందే వెనక బెంచీలోంచి గొంతు లేచింది. విదేశాల్లో ఉద్యోగాలకని ఇంగ్లీషు నేర్చుకుంటున్న నర్సులు వాళ్లు. పగలంతా డ్యూటీ చేసి, కాళ్లీడ్చుకుంటూ సాయంత్రం క్లాసుకొస్తారు.

“అక్కడ అంతేనమ్మా.” టీచరమ్మ కుర్చీలో కూలబడింది. ఈమధ్య రెండు మాటలు గట్టిగా మాట్లాడితే చాలు, ఆయాసం. “జబ్బు ఎవరిదో, ఆ కబురు ముందు వాళ్లకే. వాళ్లు సరేనంటేనే ఇంట్లోవాళ్లకి.”

“మా వార్డులో అలా చెప్తే ఆ పూటే గుండె ఆగిపోతుంది మేడమ్!”

“ఇంట్లోవాళ్లు మా జుట్టు పట్టుకుంటారు!”

అందరూ గొల్లుమన్నారు. ముందు బెంచీలోని పెద్ద నర్సు మాత్రం తల దించుకుని పుస్తకంలో ఏదో గీస్తోంది.

“భాషొక్కటే వస్తే చాలదు, వాళ్ల పద్ధతీ తెలియాలి. అందుకే ఈ సినిమాలు,” అంది టీచరమ్మ, పెద్ద నర్సు వైపు తిరిగి. “నువ్వు రామ్మా. నువ్వు డాక్టరువి, నేను రోగిని.”

“ఈ సీను వద్దు మేడమ్. ఇంకేదైనా ఇవ్వండి.”

“నాలుగే వాక్యాలు. నా కళ్లలోకి చూసి చెప్పాలి. అంతే.”

పెద్ద నర్సు వచ్చి ఎదురుగా కూర్చుంది. గుడ్ ఈవినింగ్ వరకూ బాగానే అంది. “యువర్ రిపోర్ట్స్...” దగ్గర ఆగిపోయింది.

“ఐ యామ్ సారీ అనవే!” వెనకనుంచి అందించారు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

“పన్నెండేళ్ల సర్వీసు నీది. ఎంతమందిని చూసుంటావు! ఉత్తుత్తి మాటకి ఇంత అవస్థేంటమ్మా?” టీచరమ్మ గొంతులో విసుగు కన్నా అలసటే ఎక్కువ. “త్వరగా కానీ. ఇంటికెళ్లి పడుకోవాలి. ఓపిక లేదు నాకు.”

పెద్ద నర్సు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సినిమాలో డాక్టరు చెయ్యి పట్టుకోలేదే!” టీచరమ్మ నవ్వబోయింది.

“నావల్ల కాదు మేడమ్... నిన్న మా ఆసుపత్రిలో మీ రిపోర్టులు తీసుకుంటూ, మీకు చెప్పనని మీవారు నాచేత ఒట్టు వేయించుకున్నారు.”