చుట్టాల సెలైన్

రామలక్ష్మమ్మ కుడిచేతిని దిండు కిందికి తోసి, దాని మీద తల పెట్టుకుని పడుకుంది. నర్సు నిస్సీ ట్రే పట్టుకుని మంచం పక్కనే నిలబడింది.

"అవ్వా, చెయ్యి ఇయ్యి. సూది తీసేసి పోతా."

"తీసేది లేదు. ఆదివారం ఆదోని నుంచి మా చెల్లెలు వస్తాది. ఆయమ్మ చూసిపోయినాక తీసుకో."

కోడలు మధులత అత్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాలిపోతోంది. వాంతులూ విరేచనాలతో కర్నూలు ఆసుపత్రిలో చేరిన మనిషి, సెలైన్ ఎక్కాక తేరుకుని, ఇడ్లీకి ఇచ్చిన చట్నీలో కారం లేదని గొడవపడేదాకా వచ్చింది. ఇక ఇల్లు చేరడమే అనుకుంటుండగా ఈ పొద్దున మళ్ళీ వణుకుతో జ్వరం. సూది ఉన్నచోట చెయ్యి ఎర్రగా వాచింది. డాక్టరు వచ్చి, సెలైన్ ఆపేశాక కూడా సూది ఎందుకు ఉంచారని నర్సులను కోప్పడ్డాడు. ఆ దారినే క్రిములు రక్తంలోకి దిగుతాయనీ, దిగితే ప్రాణం మీదికొస్తుందనీ చెప్పి, రక్తం పరీక్షకు పంపాడు. సూది ఎందుకు మిగిలిందో మధులతకు తెలుసు. నిన్న తీయడానికొచ్చిన నర్సును అత్తే తరిమేసింది.

రామలక్ష్మమ్మ బాధ రామలక్ష్మమ్మది. వాళ్ళ చుట్టాల్లో సెలైన్ ఎక్కుతుంటేనే అది జబ్బు. ఉత్త మాత్రలు మింగుతూ మంచమెక్కితే పని తప్పించుకున్నట్టే లెక్క. పైగా ఆదోని చెల్లెలు హులిగెమ్మ ఊరికే చూసిపోయే రకం కాదు. తిరుగు బస్సెక్కీ ఎక్కకముందే అందరికీ ఫోన్లు చేసి చెబుతుంది.

"ఆయమ్మ నా ఒట్టి చెయ్యి చూసిందంటే చుట్టాల్లో తలెత్తుకోలేను మధూ," అంది వణుకుతూనే.

"పానం పోతే ఇంక తలెత్తేది ఎవరత్తా?"

"పోతే పోనీ. జబ్బు నిజమేనని అప్పుడన్నా నమ్ముతారు."

మధులతకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. బతిమాలితే వినే మనిషి కాదని తేలిపోయింది. నిస్సీని వరండాలోకి తీసుకుపోయి తన ఉపాయం చెప్పింది. వాడేసిన గొట్టం ముక్కను, సూది లేకుండా, అత్త ఎడమచేతికి ప్లాస్టరుతో అంటిద్దాం, స్టాండుకు ఒక బాటిల్ తగిలిద్దాం అంది. నిస్సీ ముందు కుదరదంది. లోపల రోగి పళ్ళు టకటకలాడటం విని మెత్తబడింది. బాటిల్ మూత తీయకూడదని, చుట్టాలు పోగానే తనకు తిరిగి ఇచ్చేయాలని షరతు పెట్టింది.

సంగతి వినగానే రామలక్ష్మమ్మ దిండు కింది నుంచి కుడిచెయ్యి తీసి చాపింది.

సూది ఊడింది, మందులు మారాయి, మర్నాటి సాయంత్రానికి జ్వరం దిగింది. ఆదివారం పొద్దున డాక్టరు వచ్చి, రక్తంలో క్రిములేవీ కనబడలేదనీ, రేపు ఇంటికి వెళ్ళొచ్చనీ అన్నాడు. మధులత వెళ్ళి క్యాంటీన్‌లో కూర్చుని, ఇన్ని రోజుల్లో మొదటిసారి టీ చల్లారకముందే తాగింది.

మధ్యాహ్నం హులిగెమ్మ బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని దిగింది. బాటిల్ చూసింది, గొట్టం చూసింది, అక్క బుగ్గలు నిమిరి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రామలక్ష్మమ్మ నిజం జ్వరంలో కూడా మూలగనంతగా మూలిగింది. ఊళ్ళో కబుర్లన్నీ అయ్యాక హులిగెమ్మ లేచి, తోడు రమ్మని మధులతను మెట్ల దాకా తీసుకొచ్చింది. అక్కడ ఆగి మణికట్టు పట్టుకుంది.

"ఏమ్మే మధూ, నేనొచ్చి ఇంతసేపయింది. ఆ బాటిల్‌లో ఒక్క చుక్క కూడా దిగలేదే."

ఈ మాట నలుగురికీ పాకితే అత్త మళ్ళీ మంచమెక్కడం ఖాయం. ఏం చెప్పాలా అని మధులత వెతుక్కుంటుంటే, హులిగెమ్మ అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వచ్చింది.

"నిండు బాటిల్ తగిలిస్తారా ఎవరన్నా? పోయినేడు మీ అత్త నన్ను చూసేదానికి వస్తే, నేను సగం అయిపోయిందే తగిలించుకున్నా."