మూడు వందల సార్లు

"స్టోర్ రూమ్‌లో ఖాళీగా ఉన్నది ఒక్క కుర్చీ. మీరేమో ఇద్దరు" అన్నాడు మేనేజర్. "రెండు నెలలు చూస్తాను. ఈలోగా ఎవరు స్పానర్ గట్టిగా పట్టుకుని చూపిస్తే కుర్చీ వాళ్ళది. రెండోవాళ్ళు ఇంటికే. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

వెల్డర్, ఫిట్టర్ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇద్దరి కుడిచేతులూ మెడకు కట్టిన పట్టీల్లో వేలాడుతున్నాయి.

క్రేన్ గొలుసు జారి ఇనుప రేకు కింద పడ్డప్పుడు, ఆ రేకుని చెరో పక్క పట్టుకున్నది వాళ్ళిద్దరే. ఫిట్టర్‌కి వేళ్ళ ఎముకలు విరిగాయి. వెల్డర్‌కి అరచేతిలో నరాలు తెగితే ఆపరేషన్ చేసి కుట్టారు. పదేళ్ళుగా ఒకే షెడ్డు. చుట్టరికం ఏమీ లేకపోయినా 'బావా' అంటే 'బావా' అని పిలుచుకునేవాళ్ళు.

ఫ్యాక్టరీ డిస్పెన్సరీకి ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి ప్రతి సోమవారం వచ్చేది. ఇద్దరి వేళ్ళనీ ఒక్కొక్కటిగా వంచి, చాచి, వేలి కొసకీ అరచేతికీ మధ్య ఇంకా ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి కొలిచేది. కార్డు మీద రాసేది. వెల్డర్ కార్డులో ఆ అంకె వారం వారం తగ్గుతోంది. ఫిట్టర్ కార్డులో కదలడం లేదు. ఎముకలు వంకరగా అతుక్కున్నాయి.

"కుర్చీ నీదేలే బావా" అన్నాడు ఫిట్టర్ ఒకరోజు, చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ. "నావి చూడు, సుత్తి దెబ్బ తప్పిన మేకుల్లా ఉన్నాయి. వీటిల్లో స్పానరేంటి, సబ్బుబిళ్ళ కూడా నిలవదు."

వెల్డర్ నవ్వలేకపోయాడు. అతనికిద్దరు ఆడపిల్లలు. ఇంకే పనీ రాదు. కానీ కుర్చీ తనదేనన్న మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. అందుకు సిగ్గు కూడా వేసింది.

తర్వాతి సోమవారం చిన్నపిల్లకి జ్వరం వచ్చి, వెల్డర్ డిస్పెన్సరీకి వెళ్ళలేకపోయాడు. సాయంత్రం ఫిట్టరే ఇంటికొచ్చాడు.

"నా గురించి మేడమ్ ఏమన్నారు?" అని అడిగాడు వెల్డర్.

"ఇక నీకు బంతి నొక్కడమేనట. ఎంత నొక్కితే అంత మంచిదట." వంగి, మంచం కింద నుంచి పిల్లల రబ్బరు బంతిని లాగాడు. దుమ్ము చొక్కాకి తుడిచి, వెల్డర్ అరచేతిలో పెట్టాడు. "మొదట్లో నొప్పి పుడుతుంది. ఓర్చుకోవాలి మరి."

ఆ వారమంతా రోజూ వచ్చాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేవాడు. లెక్కపెట్టే పని జ్వరం తగ్గిన చిన్నపిల్లది. అరవై తొమ్మిది దాకా చక్కగా వెళ్ళి, మళ్ళీ అరవై దగ్గరికి వచ్చేసేది.

"నీ కూతురు మనల్ని డెబ్బైకి చేరనివ్వదు బావా" అని నవ్వి, అక్కణ్ణుంచి ఫిట్టర్ అందుకునేవాడు.

వెల్డర్ మొహం చెమటతో తడిసిపోయేది. భార్య గుమ్మంలో నిలబడి చూసేది.

"మా అత్తగారు కూడా నన్నింత సాధించలేదన్నయ్యా, మీరు ఈయన్ని సాధిస్తున్నట్టు!"

"మీ అత్తగారికి మేనేజరు గడువు పెట్టలేదు కదమ్మా."

"నువ్వూ నొక్కొచ్చు కదా" అన్నాడు వెల్డర్, రొప్పుతూ.

"నాది నొక్కితే వచ్చే చెయ్యి కాదులే. నువ్వు కానీ. ఇంకో ఇరవై."

గురువారానికి రెండు వందలయ్యాయి. శనివారం మూడు వందలు దాటించాలన్నాడు ఫిట్టర్.

రెండు వందల ఎనభై ఆరు దగ్గర చిన్న చప్పుడైంది. చొక్కా గుండీ తెగినంత చప్పుడు. బంతి జారి నేలమీద దొర్లింది.

"ఏమైంది?"

"వంగడం లేదు బావా."

"ఏదీ, మళ్ళీ చూడు."

"చెబుతున్నాను కదా. వంగడం లేదు."

పెద్దాసుపత్రిలో అరచెయ్యి మళ్ళీ కోశారు. కుట్లు తెగి నరాలు లోపలికి ముడుచుకుపోయాయని, మూడు వేళ్ళు ఇక వంగవని చెప్పారు.

"మేడమ్‌ని ఒక్కసారి అడిగి చూద్దామా అన్నయ్యా?" అంది వెల్డర్ భార్య.

"ఇప్పుడడిగి ఏం లాభమమ్మా?"

ఆమె మరి అడగలేదు.

రెండు నెలలు నిండిన రోజున ఫిట్టర్ ఒక్కడే మేనేజర్ ముందు నిలబడ్డాడు. బొటనవేలికీ రెండు వంకర వేళ్ళకీ మధ్య స్పానర్ ఇరికించి పైకెత్తాడు. స్పానర్ ఒక పక్కకి ఒరిగింది. పడిపోలేదు.

"ఏదోలే, పట్టుకున్నావు" అన్నాడు మేనేజర్. "రేపట్నుంచి రా."

ఆ సాయంత్రం ఫిట్టర్ వెల్డర్ ఇంటికి వెళ్ళాడు. మంచం అంచున కూర్చుని, నేలకేసి చూస్తూ సంగతి చెప్పాడు. వెల్డర్ ఎడమచేత్తో అతని భుజం తట్టాడు.

"పోనీలే బావా. పరాయివాడికి పోలేదు కదా. తప్పు నాదే. అంత నొప్పి పుడుతున్నప్పుడు ఆపాల్సింది."

"మీరు చేయాల్సిందంతా చేశారన్నయ్యా" అంది వెల్డర్ భార్య, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "మా రాత బాగాలేదు."

పిల్లకి జ్వరం వచ్చిన ఆ సోమవారం ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి, "కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, మూడు వారాల దాకా మీ వెల్డర్‌ని బంతి ముట్టుకోనివ్వకండి, నరాలు తెగిపోతాయి" అని చెప్పి పంపుతుంటే, "ఖాయంగా తెగుతాయా మేడమ్?" అని ఫిట్టర్ రెండుసార్లు అడిగాడు.