బోంగ్ డాక్టరు హస్తవాసి

"నేను డాక్టర్ని కానమ్మా! నటుణ్ణి!"

తాక్ మన్‌సొక్ ఎంత అరిచినా ఆ ముసలమ్మ అతని కాలరు వదల్లేదు. మోక్పో రేవు నుంచి దీవులకు పోయే ఓడ అది. కింది గదిలో జనమంతా చెప్పులు విప్పి, వెచ్చటి నేల మీద చతికిలబడి, గుడ్లు వలుచుకుంటూ, జిగురు బియ్యం ముద్దలు పంచుకుంటూ కూర్చున్నారు. అలాంటి ముద్దొకటి ముసలమ్మ మొగుడికి గొంతులో అడ్డం పడింది. ఆయన రెండు చేతులతో మెడ పట్టుకుని గుడ్లు తేలేస్తున్నాడు. దగ్గు కూడా రావడం లేదు.

"ఎవరి చెవిలో పూలు పెడతావయ్యా? పదకొండేళ్ళు నిన్ను చూస్తూనే అన్నం తిన్నాం. బోంగ్ డాక్టరువి కావూ నువ్వు?"

"అది కామెడీ సీరియలమ్మా. నాకు తెల్లకోటు తొడిగి..."

"కోటు లేకపోతే వైద్యం మర్చిపోతావా? రా, పట్టుకో మా ఆయన్ని!"

ఓడ సిబ్బందిలో ఒకతను పరుగున వచ్చాడు. "కోస్ట్‌గార్డు పడవ బయల్దేరింది. ఇరవై నిమిషాలు పడుతుందట!"

ముసలాయన పెదవులు అప్పటికే నీలం తిరుగుతున్నాయి. ఇరవై నిమిషాలు కాదు, రెండు నిమిషాలు కూడా ఆగేలా లేడు.

"టీవీలో అయితే గుండెలు కోసి కుట్టేస్తావు కదన్నా, ఇక్కడ చేతులు రావా?" కొండలెక్కే బట్టల్లో ఉన్న ఒకతను ఎత్తిపొడిచాడు. అతని చేతిలో ఫోను పైకి లేచింది. ఆ పక్కన ఇంకొకటి. చూస్తుండగానే పది ఫోన్లు లేచాయి.

మన్‌సొక్ ముసలాయన వైపు చూశాడు. ముట్టుకుంటే, పోతాడేమో. ముట్టుకోకపోయినా పోతాడు. రెండింట్లో ఏది జరిగినా సాయంత్రానికల్లా దేశమంతా చూస్తుంది. నవ్వించడమొక్కటే తెలిసిన మనిషి అతను. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"ఆయన వెనక్కి వెళ్ళి నిలబడండి."

ఆ గొంతు అతని చెవి పక్కనే వినబడింది. ఆడగొంతు. తడబాటు లేదు, తొందర లేదు. తల తిప్పి చూశాడు. యాభై ఏళ్ళావిడ. కుడిచేతికి భుజం దాకా కట్టు కట్టి, మెడకు వేలాడదీసి ఉంది.

"నన్ను చూడకండి, ఆయన్ని చూడండి. ముందుకు వంచండి. వీపు మీద రెండు రెక్కల మధ్య, అరచేతి మొదలుతో ఐదు దెబ్బలు. గట్టిగా."

అమ్మయ్య, డాక్టరమ్మ ఒకావిడ ఉంది! మన్‌సొక్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. ముసలాయన్ని వంచి కొట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ముద్ద కదల్లేదు.

"ఇప్పుడు వెనక నుంచి వాటేసుకోండి. బొడ్డుకి కాస్త పైన పిడికిలి. రెండో చెయ్యి దాని మీద. లోపలికి, పైకి. ఒక్క కుదుపు."

కుదిపాడు. మళ్ళీ కుదిపాడు. మూడోసారికి ముసలాయన కాళ్ళు సడలిపోయి, మనిషి మొత్తం మన్‌సొక్ చేతుల్లో వాలిపోయాడు.

"చంపేశావా!" ముసలమ్మ కెవ్వుమంది.

మన్‌సొక్ ఏడుపు గొంతుతో గొణిగాడు. "నా వల్ల కాదు. మీరు చెయ్యండి."

"ఒంటిచేత్తో ఎలా చెయ్యను? పడుకోబెట్టండి. రొమ్ము మధ్యన రెండు చేతులూ పెట్టి నొక్కండి. ఎముక విరిగితే విరిగింది, ఆపకండి. నేను లెక్కపెడతాను."

ఆవిడ లెక్కపెట్టింది, అతను నొక్కాడు. పది. ఇరవై. చెమట కళ్ళల్లోకి కారుతోంది. ముప్ఫై.

"నోరు తెరిచి చూడండి. కనబడితేనే వేలు పెట్టండి."

కనబడింది. నాలుక వెనక తెల్లగా, వేలెడంత. వేలితో లాగాడు. ముద్ద ఊడొచ్చింది. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత ముసలాయన ఛాతీ గుర్రుమంటూ పైకి లేచింది. దగ్గాడు. చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

గదంతా ఒక్కసారిగా హోరెత్తింది. "బోంగ్ డాక్టర్! బోంగ్ డాక్టర్!" ఎత్తిపొడిచినతను ఫోను పక్కన పడేసి చప్పట్లు కొడుతున్నాడు.

ముసలమ్మ మన్‌సొక్ వీపు మీద ఫెడీమని ఒక్కటిచ్చింది. "డాక్టర్ని కాదన్నావు, అబద్ధాలకోరా!" అని అతని మీద పడి ఏడ్చింది. ఏడుస్తూనే, వలిచిన గుడ్డొకటి అతని నోట్లో కుక్కింది.

గుడ్డు మింగుడు పడలేదు మన్‌సొక్‌కి. సీరియల్లో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఎన్ని చప్పట్లు విన్నాడో. ఇవి మాత్రం తనవి కావు. జనాన్ని తప్పించుకుంటూ వెతికాడు. ఆవిడ మూల కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుని, ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూలబడి, నుదురు నేలకు ఆనించాడు.

"డాక్టరమ్మా, ఆ ప్రాణం నిలబెట్టింది మీరు. వాళ్ళందరికీ ఇప్పుడే చెప్తాను. మీరు ఏ ఆసుపత్రిలో పనిచేస్తారు?"

ఆవిడ కంగారుపడి అతని భుజం పట్టుకుని లేపబోయింది.

"అయ్యయ్యో, లేవండి సార్! నేను డాక్టరేమిటి, బజార్లో చేపలమ్ముకునేదాన్ని. పెళ్ళి విందులో పెళ్ళికొడుకు గొంతుకి ముద్ద అడ్డం పడ్డ ఎపిసోడు లేదూ, అందులో మీరు మీ నర్సుకి చెప్పిన డైలాగులే మీ చెవిలో అందించాను."