రెండో చెలమ

సముద్రం ఒడ్డున ఇసుకలో సువర్ణ రెండు చేతులతో గుంట తవ్వుతుంటే జెబాకు నవ్వు ఆగలేదు.

"పక్కన అంత సముద్రం పెట్టుకొని చెలమ తవ్వుతున్నవా? మంచినీళ్ల బండి వచ్చేదాకా ఆగరాదూ."

"దూపైతుంది. మా ములకలపల్లి వాగుల గిట్లనే తవ్వుకుంటం."

జర్మనీలో చదవబోయే ఖమ్మం వైపు పిల్లలకు అక్కడి పద్ధతులు నేర్పేందుకు ఈ ఒడ్డున పెట్టిన మూడు రోజుల శిక్షణ అది. కొత్త చోట తనకేమీ చేతకాదని, సాయంత్రం బస్సుకు ఇంటికి పోతానని సువర్ణ పొద్దున్నే జర్మనీ చదువుకు సార్ ఇచ్చిన ఫారం చించేసింది. మధిర నుంచి వచ్చిన జెబా ఎంత బతిమాలినా వినలేదు.

గుంటలో నీళ్లు ఊరాయి. సువర్ణ నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఉప్పేనా?"

"అవ్. ఈడ కాదు."

లేచి ఇసుకదిబ్బ దాటింది. సరుగుడు చెట్ల దగ్గర పచ్చటి తీగ పాకిన చోట కూర్చుని, భుజం దాకా చెయ్యి పట్టేంత లోతు తవ్వింది. నీళ్లు తేరుకునేదాకా ఆగి, తను ముందు రుచి చూసి, జెబాకు దోసిట్లో పట్టి ఇచ్చింది.

జెబా భయపడుతూనే తాగింది. రెండో దోసిలి అడిగింది.

"తియ్యగున్నాయే. ఇక్కడుంటాయని నీకెట్లా తెలుసు?"

"తెల్వదు. ఆడ ఉప్పు తగిలింది, జర్ర జరిగి చూసిన. గంతే."

జెబా మూతి తుడుచుకుంటూ ఆమెనే చూస్తూ ఉండిపోయింది.

"ఏందే గట్ల చూస్తవ్?" అంది సువర్ణ. తర్వాత తనూ చెలమ వైపు చూసింది. చేతులకంటిన ఇసుక దులుపుకుంది.

"సార్ దగ్గర ఇంకో ఫారం ఉంటదా?"