ఆదిత్యుని తొలిచూపు

పూండి కోవెల గోడపై ఏడు గుర్రాల రథం పూర్తయింది. సూర్యభగవానుని కనుపాపలే మిగిలాయి. దేవుని తొలిచూపు మనిషిపై పడరాదని, చిత్రకారుడు గున్నయ్య గోడకు వీపు పెట్టి, అద్దంలో చూస్తూ వాటిని దిద్దాలి. మూడు రోజులుగా కుంచె ఎత్తుతున్నాడు, దించుతున్నాడు.

"రేపట్నించి నీకు డయాలసిస్ నాన్నా. పలాస ఎల్లిపోవాల. ఈయేల కానిచ్చీ," అంది అద్దం పట్టుకున్న కూతురు జయశ్రీ.

"పని అయిపోతే నన్నింకేటికి ఉంచుతాడమ్మా ఆ సామి?"

అద్దంలోని దేవుడు కంపించాడు.

"సెయ్యి ఒణుకుతోందేటే?"

"నీకొక్కడికేనేటి బయం?"

గున్నయ్య కూతురి ముఖంలోకి చూశాడు.

"అద్దం కిందెట్టీ. నా పక్కకొచ్చి నిలబడు. మనిద్దర్నీ సూడనీ."

వెనుదిరిగి, దేవునికి ఎదురుగా నిలిచి, మొదటి కనుపాప దిద్దాడు.