తలుపు పక్క తొట్టి

"నీళ్ళు ఎప్పుడు పోస్తున్నావ్?"

"పోయట్లేదు సార్."

"ఎప్పుడు పోస్తున్నావని అడిగాను. పోస్తున్నావా అని అడగలేదు."

గాజు గది మధ్యలో కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నాడు విభాగాధిపతి. ఎదురుగా పరిశోధక విద్యార్థి, చంకలో ఫ్లాస్కుతో. ఆ ఫ్లాస్కు లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. అందుకే విభాగమంతా అతన్ని పిలిచే పేరు కూడా ఫ్లాస్కే.

గదిలో వరసగా సిమెంటు తొట్లు. అన్నిట్లోనూ మొక్కజొన్నే. నీళ్ళు ఆపేసి చాన్నాళ్ళయింది. అన్నీ ఎండిపోయి, తాకితే గలగలమంటున్నాయి. తలుపు పక్క తొట్టి ఒక్కటి మాత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా నవనవలాడుతోంది. ఫ్లాస్కు తయారుచేసిన మందు పట్టించింది ఆ తొట్టిలో విత్తనాలకే. నీళ్ళు లేకపోయినా మొక్కని బతికించే మందు అని థీసిస్ కూడా రాసి ఇచ్చేశాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అదే మందు పట్టుకెళ్ళి తన దగ్గర ప్రయత్నిస్తే ఒక్క మొక్కా మిగల్లేదు. అదీ గొడవ.

"రేపు కమిటీకి ఏదో ఒకటి చెప్పాలి నేను," అన్నాడు విభాగాధిపతి. "మోసం అని రాశానంటే నీ డిగ్రీ మాట మర్చిపో. ఇంకెక్కడా నిన్ను గుమ్మం కూడా ఎక్కనివ్వరు."

ఫ్లాస్కుకి పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కనే నిలబడ్డ గైడు మేడమ్ వైపు చూశాడు. ఆవిడ మొహం తిప్పేసుకుంది.

"పగలంతా ఈ గదిలోనే కదా నీ కాపురం?"

"అవును సార్."

"తినేది?"

"ఇక్కడే. బ్రెడ్డూ, అరటిపండూ."

"రోజూనా?"

"రోజూ అదే సార్. వేరేదైతే ఏం తినాలా అని ఆలోచించాలి. టైము వేస్టు."

"ఖర్మ! చెయ్యి ఎక్కడ కడుగుతావ్?"

"కడగను సార్. ప్యాంటుకి తుడుచుకుంటాను."

మేడమ్ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇలాంటి శిష్యుణ్ణి ఏరి కోరి తెచ్చుకున్నందుకు తనని తాను తిట్టుకుంటోందో ఏమో.

"తాగగా మిగిలిన నీళ్ళు?" విభాగాధిపతి ముందుకు వంగాడు. దొరికావురా అన్నట్టుంది ఆ చూపు.

"నేను వేణ్ణీళ్ళే తాగుతాను సార్. పొగలు కక్కేవి. అవి పోస్తే మొక్క ఉడికిపోతుంది."

"చల్లారాక పోస్తావు."

"చల్లారనివ్వను సార్! చన్నీళ్ళంటే నాకు గొంతు పట్టేస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే."

"సాయంత్రాలో?"

"గంట కొట్టగానే టీకి పోతాను. వానొచ్చినా వరదొచ్చినా ఆగను. మేడమే తాళం వేసుకుని వెళ్తారు."

"నిజమే సార్," అంది మేడమ్. "ఆ టీ పిచ్చి ఒకటుంది వీడికి. ఇవాళ మీరు కదలనివ్వలేదు గానీ."

విభాగాధిపతి లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి మట్టిలో వేలు గుచ్చాడు. వేలు ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"ఇది ఎండిన మట్టా? చూడండి మేడమ్, ఎంత మెత్తగా ఉందో."

"అది మందు గుణం సార్!" ఫ్లాస్కు తొట్టికి అడ్డంగా వచ్చాడు. "మట్టిలో తేమని పోనివ్వదు. థీసిస్‌లో అదే రాశాను."

"అన్నిటికీ ఒక జవాబు వండి పెట్టుకున్నావ్."

అంతే, ఫ్లాస్కుకి తిక్క రేగింది. భయం ఎక్కడికి పోయిందో, గొంతు పెద్దదయింది. "అయితే ఒక పని చెయ్యండి సార్. నన్ను ఈ గది ఛాయలకి కూడా రానివ్వకండి. వారం తర్వాత వచ్చి చూడండి. మొక్క ఎండిపోయి ఉంటే నేనే మోసగాణ్ణని రాసిచ్చి పోతాను. పచ్చగా ఉంటే నా డిగ్రీ నాకివ్వండి."

మేడమ్ గతుక్కుమంది. "ఆవేశపడకు నాయనా, ఆలోచించుకో."

"ఆలోచించేదేం లేదు మేడమ్. నా మందు మీద నాకు నమ్మకముంది. మీకు లేదా?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "లేకపోతే ఇన్నాళ్ళూ నిన్ను వెనకేసుకొస్తానురా?"

విభాగాధిపతి కాసేపు గడ్డం గోక్కున్నాడు. పచ్చటి మొక్కని చూశాడు, ఫ్లాస్కుని చూశాడు.

"సరే. కమిటీని వారం ఆగమంటాను. తాళం మాత్రం వీడి చేతికి ఇవ్వడానికి వీల్లేదు. మీరే పెట్టుకోండి మేడమ్. రోజూ మీరొక్కరే వచ్చి చూసి వెళ్ళండి. మీ మాటే నాకు ప్రమాణం."

"అలాగే సార్."

విభాగాధిపతి వరండాలోకి నడిచాడు. ఫ్లాస్కుకి గుండెల మీంచి బండ దించినట్టయింది. వారం ఎంతసేపు? కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. పచ్చటి ఆకు నిమిరి, గుమ్మం దాటి, మేడమ్ కోసం బయట నిలబడ్డాడు.

మేడమ్ లైట్లు ఆర్పింది. బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వచ్చింది.

"మీరు నిశ్చింతగా ఉండండి సార్, ఈ తొట్టిలో ఒక్క చుక్క పడనివ్వను!" అని వరండాలోకి వినిపించేలా అంటూ, బరువెందుకు మోయడమని బ్యాగులోంచి సీసా తీసి, తాగగా మిగిలిన నీళ్ళన్నీ అలవాటు కొద్దీ తలుపు పక్క తొట్టిలో వంపేసింది.