ములగచెట్టెక్కని మాస్టారు

పెళ్లికొడుకు గురించి వాకబు చెయ్యడానికి రమణమూర్తి మాస్టారు ఆదివారం పొద్దున్నే సీతమ్మధారలోని ఆ అపార్ట్‌మెంటుకి వచ్చేశారు. కుర్రాడు దేవీప్రసాద్ ఓ స్టీల్ కంపెనీలో ఇంజనీరు. మూడో అంతస్తులో ఒక్కడే అద్దెకుంటున్నాడు. ఆ పూట అతను డ్యూటీలో ఉంటాడని కనుక్కునే వచ్చారు మాస్టారు. అదీ ఆయన తెలివి!

"ఇరుగుపొరుగు ఒక్క చెడ్డమాట అన్నా ఈ సంబంధం వద్దు నాన్నా" అని జ్యోతిర్మయి గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. ఒక్కగానొక్క కూతురు.

అసోసియేషన్ ప్రెసిడెంటు గురునాథరావు కుర్చీ వేశాడు. కాఫీ వచ్చేలోగానే మాస్టారు పాఠం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన నోరు, ఊరుకుంటుందా?

"ములగచెట్టెక్కించడం అంటారు చూశారూ, ఆ మాట ఎలా పుట్టిందో తెలుసా? ములగకొమ్మ చూడ్డానికి బలంగానే ఉంటుంది. కానీ పెళుసు. కాలు పెడితే ఫెళ్లున విరుగుతుంది. లేనిపోని గొప్పలు చెప్పి మనిషిని పైకెత్తితే జరిగేదీ అంతే. నా దగ్గర అలాంటివి కుదరవు. ఉన్నదున్నట్టు చెప్పండి."

"మిమ్మల్ని ఎక్కించడం ఎవడి తరం మాస్టారూ" అన్నాడు గురునాథరావు. ఆ మాట మాస్టారికి తెగ నచ్చింది.

"మా పెసాదు మనిషి కాడండి, దేవుడు" అని అందుకున్నాడు గురునాథరావు. తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాడట. ఆ తర్వాత మేడలో ఇంకెవరూ పడుకోరట. ఆహా, ఎంత క్రమశిక్షణ అనుకున్నారు మాస్టారు. తన, పర భేదం లేదట. పక్కింటి పేపరైనా తనదే అనుకుంటాడట. వేళగాని వేళలోనైనా తలుపు తట్టి మరీ పలకరిస్తాడట. మీటింగులో అతను లేచాడంటే ఇంకెవరూ నోరెత్తరట.

మాస్టారు అంత తేలిగ్గా నమ్మే రకమా? మిగిలిన ఇళ్లన్నీ తిరిగారు. అందరిదీ అదే పాట. ఆఖరికి, సరిగ్గా కుర్రాడి కింద ఫ్లాటులో ఉన్న సూర్యకాంతమ్మ తలుపు తట్టారు. కన్నకొడుకుని కూడా మెచ్చుకోని మనిషని ఆవిడకి పేరు. ఆవిడ మాస్టారి చేతులు రెండూ పట్టేసుకుంది.

"ఈ సంబంధం వదులుకోకండి బాబూ. మీకు దండం పెడతాను" అంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజం నీళ్లే.

ఇంకేం కావాలి? మెట్ల మీదే నిలబడి మాస్టారు కూతురికి ఫోన్ చేశారు. ఒక్కరంటే ఒక్కరు కూడా వంక పెట్టలేదనీ, ముహూర్తం పెట్టించేస్తున్నాననీ చెప్పారు. వెళ్తూ వెళ్తూ, ఇలాంటి ఇరుగుపొరుగు దొరకడం అదృష్టమని గురునాథరావుకి నమస్కారం కూడా పెట్టారు.

ఆయన ఆటో గేటు దాటాక సూర్యకాంతమ్మ కిందికి తొంగి చూసి అడిగింది.

"ముహూర్తం ఎప్పుడంట గురునాథం?"

"వచ్చే నెల్లోనేనంట పిన్నీ, మూడేళ్లుగా బతిమాలినా, పోలీసుల్ని పిలిసినా ఖాళీ సెయ్యనోడు, పెళ్లయితే కంపెనీ క్వార్టర్సు ఇచ్చేత్తారని ఆడి నోటితో ఆడే సెప్పాడు."